సంజీవప్ప కట్టిన హీటర్

సోమందేపల్లిలో హైవే పక్కన, పంక్చర్ షాపుకూ టిఫిన్ హోటలుకూ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. ఇప్పుడు దానికి తాళం. "పురుగుల్ని సంపిన మేస్త్రీ షెడ్డు యాడ?" అని అడిగితే ఆ ఊళ్లో ఎవరైనా వేలు చూపిస్తారు. ఆ మేస్త్రీ పేరు సంజీవప్ప. అరవై ఏళ్ల మనిషి. ఆ మాట నా చెవిన పడితే నేను అక్కడ నిలబడను. ఎందుకంటే పురుగుల్ని చంపింది ఆయన కాదు, నేను. ఇదేదో రాసి పుణ్యం కట్టుకుందామని కాదు, అంత మంచి బతుకు నాది కాదు. ఆయన ఎలాంటి పనివాడో ఊళ్లోవాళ్లకు తెలియకపోయినా మీకైనా తెలియాలి, అంతే.

నా పేరు అనిల్ కుమార్. హిందూపురంలో నారాయణస్వామి గారి చాకీ సెంటరులో డ్రైవర్‌ని. చాకీ సెంటరంటే పట్టు పురుగులకు బాలవాడి. గుడ్డులోంచి అప్పుడే బయటికి వచ్చిన పురుగు ఆవగింజలో సగం కూడా ఉండదు. దాన్ని రైతు ఇంట్లో సాకడం కష్టం. అందుకని వారం పది రోజులు మా దగ్గరే లేత మల్బరీ ఆకు తరిగి పెట్టి, వేడీ తేమా చూసుకుంటూ పెంచి, రెండో జ్వరం లేచాక ట్రేలలో రైతులకు అందిస్తాం. పురుగు పొర విడిచే ముందు తిండి మానేసి కదలకుండా పడుకుంటుంది, దాన్నే మావైపు జ్వరం అంటారు. ఆ లేత పురుగుకు చలి పనికిరాదు, పొగ పనికిరాదు, మందు వాసన అసలే పనికిరాదు. పెళ్లికూతురికి కూడా అంత గారాబం ఉండదు.

రాయలసీమ అనగానే ఎండ ఒక్కటే అనుకుంటారు బయటివాళ్లు. డిసెంబరులో ఒకసారి హిందూపురం వచ్చి తెల్లవారుజామున బస్టాండులో నిలబడమనండి, తెలుస్తుంది. ఆ చలిలో ట్రేలు వ్యాన్లో పెట్టుకుని పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పోవాలి. వెళ్లేసరికి పురుగులు బిగుసుకుని, ఆకు వేసినా ముట్టకుండా పడి ఉండేవి. రైతులు మమ్మల్ని తిట్టేవాళ్లు. మేం చలిని తిట్టేవాళ్లం.

నారాయణస్వామి గారిది చింతపండు వ్యాపారం చేసిన ఇల్లు. మనిషి మంచివాడే, తన సెంటరు పేరు చెడనంతవరకు. ఆయనకు పాత బండ్ల పిచ్చి ఒకటి ఉంది. పుట్టపర్తికి వచ్చిన ఎవరో తెల్లాయన ఎప్పుడో వదిలేసిపోయిన వ్యాను ఒకటి బుక్కపట్నంలో ఎవరి దొడ్లోనో కోళ్లగూడుగా పడి ఉంటే, దాన్ని తెప్పించి రంగు వేయించాడు. ఇంజన్ వెనక ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పనే లేదు. అంతా గాలితోనే చల్లబడాలి. "నీళ్లు తాగని బండిరా, మన సీమ కోసమే పుట్టినట్టుంది" అని అందరికీ చూపించేవాడు. దాంట్లో ఇంజన్ వేడినే లోపలికి పంపే హీటర్ ఉండేదని ఎక్కడో చూశాడు. అది బాగైతే పురుగుల్ని వెచ్చగా తీసుకుపోవచ్చని ఆయన ఆశ. ఆశ తప్పు కాదు. కానీ హిందూపురంలో దాన్ని మొదట చూసిన మెకానిక్, ఈ ఎండలకు ఇన్ని రేకులెందుకని ఇంజన్ చుట్టూ ఉన్న రేకులన్నీ పీకి పారేశాడు. దాంతో పెనుకొండ ఎత్తు ఎక్కేసరికి ఇంజన్ పొయ్యి మీది పెనంలా అయ్యేది. నేను రోడ్డు పక్కన ఆపుకుని గంట కూర్చునేవాడిని.

అలా కూర్చున్న ఒక రోజు పక్కన స్కూటర్ ఆపి దిగాడు సంజీవప్ప. పలకరింపు లేదు, ఏమీ లేదు. వెనక మూత ఎత్తి, కాలుతున్న ఇంజన్‌కు బెత్తెడు దూరంలో అరచెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఈ రేకులు ఎవురప్పా పీకింది?" అన్నాడు. గొంతు మైకులో మాట్లాడినట్టుంది.

"మొదటి మెకానిక్ అన్నా. గాలి బాగా ఆడతాదని."

"గాలి ఆడతాదా! వాని తలకాయ ఆడతాది! పొయ్యి ఊదే గొట్టం చూసిండావా నువ్వు? గొట్టం పెట్టి ఊదితే నిప్పు రాజుకుంటాది. గొట్టం లేకుండా ఊదు, నీ మీసాలు కదుల్తాయి, అంతే. గాలికి దారి కట్టాలప్పా, దారి!"

ఆయన ఎందుకంత గట్టిగా మాట్లాడతాడో తర్వాత తెలిసింది. చెవులు సగం పోయాయి. పుట్టింది తలుపుల దగ్గర, గొర్రెలు కాసే ఇంట్లో. పద్దెనిమిదో ఏట బోర్ల లారీ ఎక్కాడు. బండ పగలగొట్టే కంప్రెసర్ పక్కన పన్నెండేళ్లు నిలబడ్డాడు. అవీ గాలితో చల్లబడే ఇంజన్లే. దుమ్ములో, ఎండలో, రాత్రింబగళ్లు ఆగకుండా వాటిని నడిపించడం ఆయన పని. జిల్లా అంతా తిరిగి ఎవరెవరి పొలాల్లోనో నీళ్లు చూశాడు. తన వాళ్ల చేలో మూడు బోర్లు వేస్తే మూడింటా దుమ్మే లేచిందట. ఆ సంగతి చెప్పి తనే పగలబడి నవ్వేవాడు. చెవులు పోయాక లారీ దిగి, సోమందేపల్లిలో షెడ్డు వేసుకున్నాడు. భార్య సోమక్క షెడ్డు వెనక గదిలో టైలరింగ్ చేసేది. పిల్లలు లేరు. ఏ బండి బాగుచేసినా తీసేసిన పాత సామాను న్యూస్‌పేపర్లో చుట్టి బండివాడి చేతికే ఇచ్చేవాడు. "చూసుకోప్పా, ఏది చెడిందో. రేపు నన్ను అనుమానపడొద్దు" అనేవాడు. అనుమానమంటే అంత పడదు ఆ మనిషికి.

నారాయణస్వామి గారు ఒప్పుకున్నారు. వ్యాను ఇరవై రోజులు ఆ షెడ్డులోనే ఉంది. పట్టు ట్రేలు లేని రోజుల్లో నేనూ వెళ్లి కూర్చునేవాడిని. అప్పుడు చూశాను పని అంటే ఏమిటో.

ముందు ఇంజన్ దించి, సిలిండర్ల గాడుల్లోంచి ఎలుక గూడు తీశాడు. కోడి ఈకలు కూడా వచ్చాయి. తర్వాత పాత బీరువా ఒకటి కొని, దాని తలుపులు కోసి, పోయిన రేకులన్నీ కొత్తగా కట్టాడు. ఫ్యాన్ గాలి ఎటూ జారిపోకుండా నేరుగా సిలిండర్ల మీదికి దిగేలా ఒక్కో రేకునూ వంచి, పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ వంచాడు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య సందు ఉంటే కింద సైలెన్సర్ వేడి మళ్లీ పైకి వస్తుందని, పాత బస్సు కిటికీ రబ్బరు తెచ్చి చుట్టూ బిగించాడు. ఫ్యాను గూటికి రెండు పక్కలా రెండు రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. హీటర్‌కు గాలి పోయే దారులవి. హీటర్‌కు పోయే గొట్టాలు కూడా ఆ మెకానిక్ పీకేయడంతో, ఇంజన్‌ను చల్లబరచాల్సిన గాలిలో సగం అక్కడే వృథాగా పోతోంది.

"చూస్తివా? చల్లన చేసేదీ ఇదే గాలి, వెచ్చన చేసేదీ ఇదే గాలి. ఆ తిక్కలోడు వెచ్చనిది వద్దని పీకి, చల్లనిదీ పోగొట్టినాడు" అన్నాడు సంజీవప్ప.

ఇక హీటర్. ఇంజన్‌కు రెండు పక్కలా, పొగ బయటికి పోయే గొట్టం చుట్టూ ఒక్కో డబ్బా ఉంటుంది. ఫ్యాన్ నుంచి వచ్చిన గాలి ఆ డబ్బాలో దూరి, గొట్టాన్ని తాకుతూ వేడెక్కి, కింద పైపులోంచి వ్యాన్‌లోకి వస్తుంది. గొట్టంలో చిల్లు ఉందా, పొగ కూడా గాలితో పాటే లోపలికి వస్తుంది. మనిషికి తలనొప్పి, పురుగుకు చావు. ఆ డబ్బాలు రెండూ తుప్పుపట్టి జల్లెడలైపోయాయి. కొత్తవి ఎక్కడా దొరకవు. తనే కట్టాడు. గొట్టాలు కొత్తవి వేసి, గ్యాస్ వెల్డింగ్ చేసి, ఒక చివర మూసి నీళ్లు నింపి ఒక పగలంతా వేలాడదీశాడు. చుక్క కారలేదు. అయినా నమ్మలేదు. వ్యాన్ తలుపులూ అద్దాలూ మూసి, ఇంజన్ నడుపుతూ, హీటర్ పెట్టుకుని, లోపల గంటన్నర కూర్చున్నాడు. ఒంటరిగా కాదు. నా చేత సెంటరు నుంచి ఒక ట్రే పురుగులు తెప్పించి ఒడిలో పెట్టుకున్నాడు.

"నాకు తలనొప్పి రాకపోతే సాలదు. ఇవి ఆకు తినాల" అన్నాడు.

బయట నిలబడి అద్దంలోంచి చూశాను. చెమటలు కారుతున్నాయి మనిషికి. వంగి ట్రేలోకే చూస్తున్నాడు. దిగినప్పుడు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ట్రే పట్టుకుని దిగి, "తిన్నాయప్పా! అన్నీ తిన్నాయి!" అని అరిచాడు. సోమక్క మిషన్ ఆపి బయటికి వచ్చి నవ్వింది. ఆ ముఖం నేను మరిచిపోను.

డిసెంబరంతా, జనవరి చాలావరకు వ్యాను బంగారంలా నడిచింది. పెనుకొండ దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. పురుగులు దిగగానే ఆకు ముట్టేవి. రైతులు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్లు. నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఆ వ్యాన్లో పురుగులు తప్ప ఇంకేదైనా ఎక్కితే డ్రైవర్ దిగిపోవాలని నారాయణస్వామి గారి ఆర్డరు. నేను బెల్లం ఎక్కించాను. ధర్మవరంలో మా చిన్నాన్నకు కొట్టు ఉంది. హిందూపురం మండీ నుంచి నాలుగు దిమ్మెలు తెచ్చిపెట్టమని అడిగాడు. ఖాళీ ట్రేలు తేవడానికి వెళ్తున్నాను కదా, ఎవరు చూస్తారని వేసుకుపోయాను. బెల్లం పొడి నేల మీద రాలింది. మరునాడు మధ్యాహ్నం ట్రేలు సర్దుదామని తలుపు తీస్తే చీమలు! హీటర్ గాలి లోపలికి వచ్చే నోరు నేల దగ్గర ఉంటుంది, బారు కట్టి అందులోంచే వస్తున్నాయి.

పట్టు పురుగు పక్కన చీమ అంటే మాకు దొంగ కన్నా ఎక్కువ భయం. చాకీ గదిలో స్టాండ్ల కాళ్ల చుట్టూ నేల మీద చీమల మందు పొడితో గీత వేస్తాం. పదేళ్లుగా గీసిన చెయ్యి నాది. ఆలోచించింది లేదు, ఏమీ లేదు. నేల తుడిచి, హీటర్ నోటి చుట్టూ గుండ్రంగా, ముగ్గు వేసినట్టు మందు గీత వేశాను. స్టాండు కాళ్ల దగ్గర గాలి వీచదు, ఇక్కడ వీస్తుంది. ఇంత చిన్న సంగతి నా మట్టి బుర్రకు తట్టలేదు. తెల్లారి పదకొండు మంది రైతుల పురుగులు ఎక్కించుకుని, హీటర్ పెట్టుకుని, పాటలు వింటూ బయల్దేరాను.

చివరి రైతు ఇల్లు ధర్మవరం ఇవతల. అక్కడ తలుపు తీసి ట్రే పట్టుకున్నప్పుడు చూశాను. ఆకు అంచున తెల్లగా, పలచగా దుమ్ము. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్నింటి నోట్లోంచి పచ్చని నీళ్లు. పట్టు పని తెలిసినవాడికి ఆ లక్షణం ఎవరూ చెప్పనక్కర్లేదు. మందు తగిలింది. నేల వైపు చూశాను. నేను వేసిన గీత సగం లేదు.

అప్పుడే ఫోన్ తీసి పది మందికీ చెప్పి ఉంటే, అడుగు ట్రేలనైనా వేరు చేసుకునేవాళ్లు. చెప్పలేదు. ట్రేలు దించేసి, కొంతదూరం వచ్చి, రోడ్డు పక్కన వ్యాను ఆపి, తడిగుడ్డతో నేలంతా తుడిచాను. మూడుసార్లు తుడిచాను. ఆ గుడ్డ ముళ్లకంపలోకి విసిరేశాను. నా చేతులు ఆ పని ఎంత చకచకా చేశాయో తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. మరునాడు పొద్దున పదకొండు మందీ సెంటరు ముందున్నారు. అందులో తిప్పమ్మ ఒకతి. పెనుకొండ దగ్గర పల్లెలో ఎకరా మల్బరీ కౌలుకు చేస్తుంది, మొగుడు లేడు, పనంతా తనొక్కతే. చచ్చిన పురుగుల ట్రే తల మీద పెట్టుకుని బస్సులో వచ్చింది. ఎవరో పురుగుల్ని పరీక్షకు పంపుదామన్నారు. నారాయణస్వామి గారు వినిపించుకోలేదు. రోగమని తేలితే సెంటరు పేరు పోతుంది. పొగ అంటే మేస్త్రీ పేరు పోతుంది. ఆయనకు ఏది నచ్చుతుందో వేరే చెప్పాలా? సంజీవప్పకు కబురు పంపారు. స్కూటర్ మీద వచ్చి, గుంపు మధ్యలో నిలబడ్డాడు.

"మేస్త్రీ, నీ హీటర్ పొగ లోపలికి కక్కింది. ఏమంటావు?" అన్నారు నారాయణస్వామి గారు.

"కక్కదు సామీ. నేను లోపల కూర్చుని చూసిండా. పురుగులూ చూసినాయి."

"అది అప్పుడు. గతుకుల రోడ్డు మీద యాడో విరిగిందేమో. డ్రైవర్‌నే అడుగుదాం." నా వైపు తిరిగారు. "అనిలూ, నిన్న లోపల పొగ వాసన వచ్చిందా, లేదా? నిజం చెప్పు."

అందరూ నన్నే చూశారు. బెల్లం, చీమలు, మందు, తడిగుడ్డ, అన్నీ గొంతు దాకా వచ్చాయి. నా ఉద్యోగం కూడా వచ్చింది, మా చిన్నాన్న కూడా వచ్చాడు, పదకొండు మంది చేతుల్లో నాకు పడే దెబ్బలు కూడా కళ్ల ముందుకు వచ్చాయి.

"కొంచెం వచ్చింది సార్" అన్నాను.

సంజీవప్పకు సరిగా వినపడలేదు. దగ్గరికి వచ్చి, చెవి నా వైపు పెట్టి, "ఏమప్పా, ఏమంటివి?" అని అడిగాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆయన చెవిలో గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాను. "పొగ వాసన వచ్చింది అన్నా!"

ఆయన ఎదురు తిరుగుతాడనుకున్నాను. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నీకు వచ్చిందంటే వచ్చిందే. అయితే తప్పు నాదే" అన్నాడు. తిప్పమ్మ ముందుకొచ్చి ట్రేలోని పురుగుల్ని ఆయన కాళ్ల మీద కుమ్మరించింది.

"నీ చేతులు ఇరిగిపోను! నా పంటంతా పాయె కదయ్యా! ఆకు చేలో నిలబడి ఏడుస్తాండాది, తినేదానికి ఒక్క పురుగు లేదు!"

ఆయన కదల్లేదు. కాళ్ల మీద పడిన వాటిని విదిలించుకోలేదు. తర్వాత వంగి, ఒక్కొక్కటే ఏరి ట్రేలో వేశాడు. నేను అక్కడే నిలబడి చూశాను. చూస్తూ నిలబడటం తప్ప ఏం చేశాను? ఏమీ చేయలేదు.

మరునాడు తనే వచ్చి హీటర్ డబ్బాలు విప్పి, ఫ్యాను గూటి రంధ్రాలకు రేకు మూతలు బిగించి, ఇంజన్ చల్లదనం చెడకుండా చూసి మరీ వెళ్లాడు. ఈసారి పాత సామాను ఎవరికీ ఇవ్వలేదు. రెండు డబ్బాలూ స్కూటర్ మీద తనే తీసుకుపోయాడు. చిల్లు ఎక్కడుందో తెలియాలి కదా అన్నాడు.

ఆ తర్వాత రైతులకు సెంటరు వాళ్లు కొత్త పురుగులు ఇచ్చారు. గొడవ సద్దుమణిగింది. సంజీవప్ప పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మోటారు సైకిళ్లు కూడా ఆ షెడ్డు దాటి పోయేవి. నేను వారానికి రెండుసార్లు అటే వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా, షెడ్డులో ఆ డబ్బాలను ముందేసుకుని కూర్చున్న మనిషి కనపడేవాడు. నీళ్లు పోసి చూసేవాడు. ఎండకు ఎత్తి పట్టి చూసేవాడు. లేని చిల్లు కోసం వెతుకుతున్నాడు. లేదని తెలిసినవాణ్ని నేనొక్కడినే, హారన్ కూడా కొట్టకుండా స్పీడు పెంచి దాటిపోయేవాడిని. కొన్నాళ్లకు షెడ్డుకు తాళం పడింది.

మొన్న మార్చిలో తిప్పమ్మ ఇంటికి ట్రేలు ఇవ్వడానికి వెళ్లాను. కోపం తగ్గిపోయిన మనిషి. ఆకు కోసుకుంటూ తనే చెప్పింది.

"ఆ సంజీవప్ప కాడికి పోయింటినప్పా. మందు కొట్టే మిషన్ చెడిపోయిండాది, బాగు చేసియ్యన్నా అంటే చెయ్యనంటాండాడు. జరిగిందేదో జరిగిపాయె, నేనే మరిచిపోయినా, నువ్వు మరిచిపో అని చెప్పినా. దానికి ఆ యప్ప, నా కన్ను పోయిందమ్మా, చిల్లు కనపడని కన్నుతో ఇంగ పని చెయ్యగూడదు అంటాండాడు. ఆ యప్పకు ఏమో అయిండాది."

ఆ రోజు ఇంటికి పోలేదు. నేరుగా సోమందేపల్లి వెళ్లాను. ముందు ఆయనకు చెప్పి, ఆయన నన్ను నాలుగు తిట్టాక, ఇద్దరం కలిసి నారాయణస్వామి గారి దగ్గరికి పోదామని లెక్క వేసుకున్నాను. చూశారా, అప్పుడు కూడా ఒంటరిగా చెప్పే ధైర్యం లేదు నాకు.

షెడ్డు వెనక గదిలో సోమక్క మిషన్ కుడుతోంది. ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే లేచాడు.

"రాప్పా, రా! దొరికింది!" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి నేను వాకిట్లోనే ఆగిపోయాను.

లోపలి నుంచి అరచెయ్యంత ఇనుప ముక్క ఒకటి తెచ్చాడు. హీటర్ డబ్బా లోపలి గొట్టం ముక్క. "వారాలకు వారాలు ఎతికినా. నీళ్లు పోస్తే కారలేదు, పొగ పడితే రాలేదు. కడాకు ఉలి పెట్టి నిలువునా చీల్చినా. వెల్డింగ్ కింద దాక్కోనుండాది దొంగముండ, చూడు!" అని నా చేతిలో పెట్టాడు.

చూశాను. ఆవగింజంత చిల్లు. అంచు లోపలికి వంగి ఉంది. చుట్టూ గొట్టమంతా నల్లగా మసి, ఆ చిల్లు అంచు ఒక్కటే మసి అంటకుండా తెల్లగా ఉంది. పొగ పోయిన చిల్లు అలా ఉంటుందా? అది ఉలి మొన దిగిన గుర్తు. నాలాంటి డ్రైవర్‌కే తెలిసింది, నలభై ఏళ్లు ఇంజన్లతో గడిపిన మేస్త్రీకి తెలియదా? తెలుసుకోవాలని ఆయనకు లేదు.

"ఇది దొరికినాకే నిద్ర పట్టిందప్పా నాకు" అన్నాడు.

చెప్పేశాను. అది ఉలి చిల్లు అని చెప్పాను. బెల్లం సంగతి, చీమల సంగతి, మందు గీత, తడిగుడ్డ, అందరి ముందూ ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆయనకు వినపడాలని గట్టిగా, దాదాపు అరుస్తూ చెప్పాను. లోపల మిషన్ చప్పుడు ఆగిపోయింది. చెప్పి, ఆయన కాళ్లు పట్టుకోబోయాను.

ఆయన నా భుజాలు పట్టుకుని లేపాడు. కళ్లలో నీళ్లున్నాయి, కోపం లేదు.

"తిప్పమ్మ పంపిచ్చిందా నిన్ను? ఆ యమ్మ కూడా ఇట్లనే వచ్చి నన్ను సమాధానపరిచి పాయె."

"లేదన్నా, ఎవరూ పంపలేదు. నా బిడ్డ మీద ఒట్టు. నేనే చంపినా!"

"బిడ్డ మీద ఒట్టు ఏసుకోవద్దు, తప్పు." తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలీదా నువ్వెట్లాంటోనివో? ఇరవై రోజులు నా పక్కనే కూర్చోనుంటివి. నా మీద అంత అభిమానం పెట్టుకోని కూడా, పది మందిలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్తివి. నా చెవిలో చెప్తివి. ఇంగొకడైతే నా ముఖం చూసి దాచిపెట్టుండు. నువ్వు చెప్పినావు గాబట్టే నా తప్పు నాకు తెల్సింది." ఆ ఇనుప ముక్కను నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకున్నాడు. "నా కోసరం ఇట్ల అబద్ధాలు చెప్పొద్దప్పా. నీ నోటికి అలవాటు లేదు."

గడప అవతల సోమక్క నిలబడి ఉంది. చేతిలో రెండు టీ గ్లాసులు. ఎప్పటి నుంచి నిలబడి ఉందో, నేను చెప్పిందంతా ఆమె విన్నది. నన్ను చూసిన చూపులో తెలిసింది, ఆమె నమ్మింది. వచ్చి ఒక గ్లాసు మొగుడి చేతికి ఇచ్చింది. రెండోది ఇవ్వకుండా వెనక్కి తిరిగి, వాకిట్లో పారబోసి, లోపలికి వెళ్లింది.

"ఏమే, ఆ యప్పకు టీ ఇయ్యలేదే?" అన్నాడు సంజీవప్ప, గట్టిగా.